ముందొచ్చింది ముందోళ్ళకు

పోయిన వారం కెరోలిన్‌ను ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో, మేడమీది గదిలో, కంప్యూటర్ ముందు వదిలి వచ్చాం. జమ్మలమడుగులో మహమూదా డెంగీ జ్వరంతో చనిపోయింది. ప్లేట్‌లెట్లు పుష్కలంగా ఉన్నాయని ల్యాబు రిపోర్టు వచ్చిన మర్నాడే చిగుళ్ళలోంచి, ముక్కులోంచి రక్తం పోయి, ఆసుపత్రి చేరకముందే ప్రాణం వదిలింది. జనం ల్యాబు అద్దాలు పగలగొట్టారు. రక్తం తీసిన కలీం గొట్టాలు తారుమారు చేశాడని పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. ఆ కలీం పరాయివాడు కాదు, మహమూదాకు స్వయానా పిన్నమ్మ కొడుకు. తప్పు అతని చేతిలో కాక, మూడు ఊళ్ళ రిపోర్టులూ పంపే ప్రోగ్రాంలో జరిగిందేమోనని కెరోలిన్‌కు అనుమానం. ఆ ప్రోగ్రాం చూసుకునేది ఆమే.

ఎండ ఎక్కేసరికి ఆ అనుమానం తీరిపోయింది.

లేని మనుషులకు పేర్లు పెట్టి, ఉత్తుత్తి రీడింగులు నాలుగు చేసి ప్రోగ్రాంకు అప్పగించింది కెరోలిన్. ముగ్గురు ఆరోగ్యవంతులు, రెండోవాడొక్కడే రోగి. ఫలితాలు తిరిగి వచ్చాయి. రెండోవాడికి నిక్షేపంగా ఉందని వచ్చింది. చావుకు దగ్గరపడ్డ ఆ ప్లేట్‌లెట్ల నంబరు వెళ్ళి వెళ్ళి చివరివాడి పేరు పక్కన పడింది. రోగిని ముందుకు మార్చి చూసింది. మూడోవాణ్ణి చేసి చూసింది. ఎక్కడ పెట్టినా అదే కథ.

వెనక నిలబడి చూస్తున్న తోటి ఉద్యోగి పవన్‌కుమార్ తెర మీదికి వంగాడు. "ఇంగోసారి చూడక్కా. ఏమన్నా పొరపాటేమో."

"పొరపాటు కాదు పవన్. నిలకడగా అట్లే చేస్తాండాది."

నిలకడగా చేయడమే ఆమెను భయపెట్టింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ల్యాబుల్లోని మిషన్లు రక్తం చూసి రీడింగులను ఇక్కడికి పంపుతాయి. ప్రోగ్రాం వాటిని తనే చూడదు. ఒకేసారి పనిచేసే వర్కర్లకు పంచుతుంది. వర్కర్లంటే మనుషులు కారు, లోపల నడిచే చిన్న ప్రోగ్రాంలు. ఒక్కో వర్కర్ ఒక్కో రోగి రీడింగు తీసుకుని, సరిచూసి, నంబరు తెచ్చి ఇస్తుంది. తెచ్చినవాటిని పోగుచేసి, పేర్లు తగిలించి, రిపోర్టు ఫోన్లకు పంపడం పెద్ద ప్రోగ్రాం పని. వానలు మొదలయ్యేదాకా అది వరస తప్పకుండా పోగుచేసేది. మొదటి వర్కర్ రాకపోతే, రెండోది వచ్చి నిలుచున్నా ముట్టుకునేది కాదు. దాంతో ఆలస్యమయ్యేది. గంటలోపల రిపోర్టు ఫోన్లో ఉండాలని యజమాని పట్టుబట్టాడు. పవన్ దాన్ని మార్చాడు. ఏ వర్కర్ ముందొస్తే దాని నంబరు ముందు తీసుకోమన్నాడు. పేర్లు మాత్రం పాత వరసలోనే ఉండిపోయాయి.

మార్చాక సరిచూసి, బాగుంది పెట్టెయ్యమన్నది కెరోలిన్. ఆ రోజు ఆమె పరీక్షకు వాడినవన్నీ ఆరోగ్యవంతుల రీడింగులే. అన్ని వర్కర్లూ ఒకే వేగంతో పోయి వరసగా వచ్చాయి. అసలు ప్లేట్‌లెట్లు పడిపోయిన రీడింగు ఎదురైతే వర్కర్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గానీ తిరిగి రాదు. ఎవరి ప్రాణమో పోకూడదని ఆ జాగ్రత్త పెట్టింది కూడా ఆమే. అందువల్ల రోగం ముదిరినవాళ్ళ నంబరే ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. వాళ్ళ పేరు పక్కన ఎవరో ఆరోగ్యవంతుడి నంబరు చేరిపోయేది. మందు ఎవరికి అత్యవసరమో సరిగ్గా వాళ్ళకే, నీకేమీ లేదు ఇంటికి పొమ్మని చెబుతూ వచ్చింది ఆ ప్రోగ్రాం.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. యజమాని బదరీనారాయణ వచ్చాడు. మూడు తరాలుగా బంగారం వ్యాపారం వాళ్ళది. తల్లికి జబ్బు ఆలస్యంగా తెలిసి చేతికందకుండా పోయిందని ఈ ల్యాబులు తెరిచినవాడు. అది మాత్రం నిజమే, ఊరంతా ఎరుగును.

"ఏమ్మా, తేలిందా?"

"తేలింది సార్. కలీం తప్పు కాదు. మనదే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకర్థమయ్యేటట్ల చెప్పు."

కెరోలిన్ కిటికీ కింద అంగడి వైపు చూసింది. "నలుగురు గిరాకీల నగలు నలుగురు ఆచార్లకు మెరుగుకు పంపిస్తారనుకోండి సార్. గిరాకీలు అంగట్లో వరసగా కూర్చోనుండారు. ఏ ఆచారి ముందొస్తే ఆ నగ తీసుకోని, మొదట కూర్చున్నోళ్ళకు ఇచ్చేస్తే?"

"నగకు చీటీ కట్టకుండా ఎవరన్నా పంపిస్తారా?"

"మనం కట్టలేదు సార్. అదే జరిగింది."

ఆయనకు ఇక చెప్పనక్కర్లేకపోయింది. మెల్లగా అడిగాడు. "బాగుచేయనీకి ఎంతసేపు పడ్తాది?"

"సాయంత్రానికి చేసేస్తా. అంతవరకు మూడు ఊళ్ళలో ఆపేయల్ల. ఇప్పటిదాంకా పోయిన రిపోర్టులన్నీ మళ్ళీ చూసి, తప్పు పోయినోళ్ళకు ఫోన్ చేయల్ల. పోలీసులకు చెప్పల్ల."

"బాగుచెయ్. కడమవి మర్చిపో."

"సార్!"

"ఇనమ్మా. కలీంకు మంచి వకీలును పెడతా. బెయిలు నేనే తెప్పిస్తా. వాళ్ళమ్మను కూడా చూసుకుంటా. పేరు మాత్రం వాని మీదనే ఉండనీ. మనిషి తప్పు చేసినాడంటే జనం నాలుగు దినాలు తిట్టి మర్చిపోతారు. మిషనే అట్ల చేసిందంటే రేపట్నుంచి మన గడప తొక్కేదెవరు?"

"స్టేషన్లో దెబ్బలు తింటాండాడు సార్ ఆయప్ప. చేయని తప్పుకు."

బదరీనారాయణ పవన్ వైపు చూపు తిప్పాడు. ఆ కుర్రవాడు నేలచూపులు చూశాడు. "మార్చింది నా చెల్లెలి కొడుకు. సరేనన్నది నువ్వు. కలీం బయటికొస్తే ఆడ కూర్చోవల్సింది ఎవరో ఆలోచన చేసినావా?"

కెరోలిన్ ఆలోచించకపోలేదు. పొద్దున్నుంచీ ఆమెను వదలనిది ఆ ఆలోచనే. మొన్న అనుమానం వచ్చిన గంటలోనే ఆపమని అడిగింది ఈయన్ని. రుజువు చూపించమన్నాడు. ఇప్పుడు రుజువు ముందరుంటే పేరు పోతుందంటున్నాడు. ఇంకో నిమిషం మాట్లాడుతూ నిలబడితే ఆయన మాటల్లో ఏదో ఒకటి తనకే సబబుగా తోస్తుందేమోనని భయం వేసింది. మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగి ప్రోగ్రాం ఆపేసింది.

కాసేపటికే పులివెందుల నుంచి ఫోన్ మోగింది. రిపోర్టులు రావడం లేదని ఎవరో అరుస్తున్నారు. పవన్ ఫోన్ పట్టుకుని ఏం చెప్పాలో తెలియక మామ మొహం చూశాడు.

"ఇంగ ఈ మెట్లెక్కొద్దు నువ్వు," అన్నాడు బదరీనారాయణ. గొంతు పెంచలేదు.

"ఎక్కను సార్. ఆపింది మళ్ళీ నడపొద్దు. పవన్, మిషన్లలో అసలు రీడింగులుంటాయి. పేర్లతో పోల్చి చూడు. ఈ పొద్దే చూడు." సంచి తీసుకుని దిగిపోయింది.

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వానకు తడిసిన శనగ చేలు వెనక్కి పోతున్నాయి. పులివెందుల రైతొకాయన గుర్తొచ్చాడు. ప్లేట్‌లెట్లు అడుగంటాయని తమ రిపోర్టు చూసి, ఇంటిల్లిపాదీ ఏడ్చి, తిరుపతి దాకా పోయి పరీక్ష చేయించుకుంటే ఏమీ లేదని తేలిందట. ల్యాబుకొచ్చి నానా తిట్లూ తిట్టిపోయాడు. అప్పుడు కెరోలిన్ కూడా, పోనీలే, మనిషి బాగున్నాడు గదా అనుకుని ఊపిరి పీల్చుకుంది. ఆ నంబరు అబద్ధం కాదు. అది ఇంకెవరిదో నిజమైన నంబరు. ఆ ఎవరో ఏమయ్యారో అడగాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

ఫిర్యాదు ఇచ్చింది మహమూదా తల్లి అఖ్తర్ బీ. ఆమె నమ్మితే తప్ప పోలీసులు తన మాట చెవిని వేసుకోరని కెరోలిన్‌కు తెలుసు. అందుకే బస్సు దిగి నేరుగా ఆ ఇంటికి పోయింది.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. అఖ్తర్ బీ గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాయి.

"ఎవురమ్మా నువ్వు?"

"కృపానందం సార్ కూతుర్నమ్మా. చర్చి మిషన్ బడి సారు."

"ఆ సార్ దగ్గరే సదివింది మా మహమూదా." పక్కకు జరిగి చాప చూపించింది. "కూసో."

కెరోలిన్ కూర్చోలేదు. కూర్చుంటే ఆ మాట నోట్లోంచి రాదనిపించింది. "అమ్మా, నేను ఆ ల్యాబులో పనిచేస్తా. కలీం తప్పేం లేదు. ఆయప్ప రక్తం సరిగానే తీసినాడు, పేరు సరిగానే రాసినాడు. మిషను కూడా సరిగానే చూసింది."

అఖ్తర్ బీ మొహంలో ఏమీ కదల్లేదు. "వాళ్ళమ్మ పంపిచ్చిందా నిన్ను?"

"లేదమ్మా. ఆమెను నేను చూడనేలేదు."

"నా చెల్లెలు అది. ఒక్క కంచంలో తిని పెరిగినాం. బిడ్డ మొగం కడసారి సూస్తానని గడపలో పడి ఏడ్సింది. సూడనీలేదు నేను. నీ కొడుకు సంపినాడు, పో అన్న్యా." తల పైకెత్తింది. "వాడు తప్పు సేయలేదంటే, నా బిడ్డను సంపిందెవరు?"

"మేము చేసిన ప్రోగ్రాం. కంప్యూటర్‌లో..."

"కంప్యూటర్ మీదికి తోయొద్దు తల్లీ." మాట పెద్దది కాలేదు గానీ గట్టిదైంది. "సదువు రాకపోతే ఏం, అంత మాత్రం తెలీదా? దానికి ఎవురో ఒగరు సెప్పింటారు గదా, ఇట్ల సెయ్ అని. ఎవురు సెప్పినారు?"

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. బస్సులో దారిపొడవునా కూడబెట్టుకున్న మాటలు వదిలేసి కెరోలిన్ ఉన్నదే చెప్పింది.

"మార్చింది ఇంకొకరు. సరిగా ఉండాదా లేదా చూడల్సింది నేను. సరిగా చూడకుండానే బాగుందన్న్యా. మీ బిడ్డ నంబరు ఎవరికో పోయింది. ఎవరి నంబరో మీ బిడ్డకొచ్చింది."

అఖ్తర్ బీ ఆమెను తేరిపార చూసింది. కొడుతుందనుకుంది కెరోలిన్. కొడితే బాగుండుననుకుంది. ఆమె కొట్టలేదు. గోడ పట్టుకుని లేచి, కొక్కేనికి తగిలించిన బురఖా తీసుకుంది.

"ఈ మాట టేషన్లో సెప్తావా?"

"చెప్తా."

"నిన్ను కూసోబెడ్తారేమో."

"తెలుసమ్మా."

"పా అయితే. ముందు నా చెల్లెలి ఇంటికాడికి. దాన్ని కూడా పిలుసుకోని పోదాం. దాని కాళ్ళు పట్టుకోవల్ల నేను." బురఖా తొడుక్కుంటూ లోపలి గది వైపు తిరిగి పిలిచింది. "మెహబూబున్నీసా! లెయ్ బేటీ, పక్కింట్లో పండుకుందువు."

లోపలినుంచి జవాబు రాలేదు.

"మహమూదా కూతురు," అని చెప్పింది అఖ్తర్ బీ. "దానికీ జరమొచ్చి నాలుగు దినాలు అల్లాడింది. నిన్నటేల నుంచి ఒళ్ళు సల్లబడింది, అల్లా దయ. ఊరికే పండుకోనుండాది. రక్తం కూడా సూపిచ్చినాంలే. శుబ్బరంగా ఉండాదంట."

కెరోలిన్ ఆ గది వైపు చూసింది. డెంగీలో జ్వరం తగ్గిన గడియే గండం. మూడు ఊళ్ళ డాక్టర్లతో రోజూ మాట్లాడే ఆమెకు ఆ సంగతి తెలుసు.

"ఎక్కడ చూపించినారమ్మా?"

"ప్రొద్దుటూరులో. మీ పెద్ద ల్యాబులోనే. ఈడ కలీం మింద నమ్మకం పోయ గదా. మా అల్లుడు చిలమకూరు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఎత్తుకపోయినాడు. ఆడైతే మనుషుల సేతుల్లో ఏం ఉండదు, అంతా కంప్యూటరే అని సెప్పినారంట."

కెరోలిన్ చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి పరుగెత్తింది. మంచం మీద అయిదేళ్ళ పిల్ల ఒకవైపుకు ఒరిగి పడుకుని ఉంది. నిద్ర కాదది, మగత. చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. గౌను అంచు పైకెత్తి చూసింది. పిక్కలమీద, తొడలమీద ఆవగింజల్లాంటి ఎర్రచుక్కలు. దిండు మీద, పెదవి ఆనిన చోట, గోధుమరంగు మరక.

"అది తమలపాకు మరక లేమ్మా, నా దిండు," అనబోయి అఖ్తర్ బీ ఆగిపోయింది. వంగి, పిల్ల పెదవిని వేలితో విడదీసింది. వేలికి ఎర్రగా అంటింది.

ఈ రక్తాన్ని ఆమె ఇంతకుముందే ఒకసారి చూసింది.

కెరోలిన్ పిల్లను భుజాన వేసుకుంది. "ఆటో పిలవమ్మా! పెద్దాసుపత్రికి!" ఒక చేత్తో ఫోన్ తీసి పవన్‌కు కలిపింది. "నిన్నటి రీడింగుల్లో మెహబూబున్నీసా అని ఉంటాది చూడు. ప్రొద్దుటూరు. మిషన్లోది చూడు, రిపోర్టుది కాదు."

అవతల కీబోర్డు చప్పుడు. ఆటో వచ్చి గడప ముందు ఆగింది. ఇద్దరూ ఎక్కారు. పిల్ల తల అఖ్తర్ బీ ఒడిలో వాలిపోయింది.

"అక్కా..." అన్నాడు పవన్. "రిపోర్టులో రెండు లక్షల పైన పోయినాది. మిషన్లో పద్నాలుగు వేలుండాది. అక్కా, ఈ పిల్ల ఒక్కతే కాదు. పులివెందులలో ఇంగొకరుండారు, ఈడ ఊర్లో ఇద్దరు. ఫోన్ చేస్తానంటే మామ చేయనీయడం..."

మాట మధ్యలోనే తెగింది. ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"అమ్మా కెరోలిన్." బదరీనారాయణ. "పిల్ల యాడుండాది?"

ఆటో గుంతలో పడి లేచింది. ఇంజిన్ రొదలో సరిగా వినపడక కెరోలిన్ స్పీకర్ నొక్కింది.

"నా దగ్గరే ఉండాది సార్. ఆటోలో."

"జమ్మలమడుగులో ఈ పొద్దు ప్లేట్‌లెట్లు లేవు. పొద్దున్నే తెలిసింది. ఆడికి పోతే కడపకు పొమ్మంటారు. పోయేలోపల ఏమైనా కావచ్చు. ఇక్కడ ప్రొద్దుటూరులో రక్తనిధిలో నేను చెప్తే పక్కన పెడ్తారు. మంచం సిద్ధంగా ఉంటాది. డాక్టరు వాకిట్లో నిలబడి ఉంటాడు. నా కారు పంపిస్తాండా, దావలో ఎదురొస్తాది. బిడ్డ బతకల్ల, నాకూ అదే కావల్ల."

"సరే సార్, పంపించండి."

"పంపిస్తా. ఒగటే మాట. కలీం సంగతి ఎట్లుండాదో అట్లే ఉండనీ. స్టేషన్‌కు పోయేది లేదు, ఆ ముసలామెకు ఏమీ చెప్పేది లేదు. ఆ మాట నాకియ్యి. కారు వాకిట్లోనే ఉండాది."

ఆటో డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. ముందర రోడ్డు రెండుగా చీలుతోంది. ఎడమకు పోతే ఊళ్ళో ఆసుపత్రి, కుడికి పోతే ప్రొద్దుటూరు దారి. ఎటు తిప్పాలన్నట్టు అతను వేగం తగ్గించాడు.

కెరోలిన్ పిల్ల వైపు చూసింది. అమ్మమ్మ ఒడిలో దాని ఊపిరి ఎగశ్వాసగా ఉంది.

అఖ్తర్ బీ చెయ్యి చాచింది. కెరోలిన్ వేళ్ళు విడదీసి, ఫోన్ తీసుకుని, తన నోటి దగ్గర పెట్టుకుంది.

"అయ్యా," అంది నెమ్మదిగా. "నేను మహమూదా తల్లిని మాట్లాడతాండా. మల్లా సెప్పు ఆ మాట."